పది గంటల టిఫిన్ వెనక నూట యాభై ఏళ్లు

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర దాటితే ఒంగోలు దగ్గరి సింగరాయకొండలో టిఫిన్ హోటలు ముందు బండి పెట్టుకోవడానికి చోటుండదు. మామూలు రోజుల్లో అయితే ఎనిమిదిన్నరకల్లా అక్కడ సగం పని అయిపోతుంది. స్కూలు పిల్లలు, ఒంగోలు ఆఫీసులకు పరిగెత్తేవాళ్లు, కందుకూరు వైపు నుంచి రైలు కోసం వచ్చి నిలబడే రెండిడ్లీలు మింగేవాళ్లు, అందరిదీ హడావుడే. ఆదివారం జనం వేరు. తలస్నానం చేసి తీరిగ్గా వస్తారు. పెళ్లాం, పిల్లలు, ఒక్కోసారి అత్తగారు కూడా. చర్చి నుంచి నేరుగా వచ్చినవాళ్ల చేతుల్లో బైబిలుంటుంది. కొండమీది వరాహ నరసింహస్వామిని చూసుకుని వచ్చినవాళ్ల నుదుట కుంకుమ ఉంటుంది. చోటు లేనప్పుడు ఒకే బల్ల దగ్గర సర్దుకుంటారు.

గుమ్మంలోనే పెనం. మాస్టరు దాని మీద నీళ్లు చిలకరిస్తాడు. చుయ్యిమన్న చప్పుడు ఆగకముందే పుల్లల చీపురుతో ఒక్క ఊడుపు. గరిటెడు పిండి పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా తిప్పుతాడు. పిండి ఆరీ ఆరకముందే ఎర్రకారం పూసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, అంచు వెంబడి నూనె వదులుతాడు. ఇలా ఒకేసారి ఆరు అట్లు. ఏ అట్టు ఎవరిదో, దేనికి కారం తగ్గించాలో అన్నీ తలలోనే. కాగితం మీద ఏమీ ఉండదు. "మాస్టారూ, పాపకి కారం లేకుండా" అని ఎవరో కేకేస్తే వెనక్కి తిరగకుండానే తలూపుతాడు.

హైదరాబాదు పెద్ద హోటళ్లలో దీన్నే బ్రంచ్ అని బోర్డు కట్టి, మనిషికింత అని వేలల్లో వసూలు చేస్తున్నారు. ఆ ఏర్పాటు కోరుతూ మొదట గట్టిగా వాదించినవాడు గై బెరింజర్ అనే ఇంగ్లీషు రచయిత. 1895లో 'హంటర్స్ వీక్లీ' పత్రికలో ఓ వ్యాసం రాశాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి బరువైన మాంసం భోజనం చెయ్యడం దేనికి, పొద్దుటి పూటా మధ్యాహ్నం పూటా కలిపేసి పన్నెండు ప్రాంతాల తేలికపాటి తిండితో మొదలుపెడితే పోదా, శనివారం రాత్రి పొద్దుపోయేదాకా తాగినవాళ్లకి ఆదివారం పొద్దున్నే లేచే బాధ తప్పుతుంది కదా అన్నది ఆయన వాదన.

మన ఒంగోలు వైపు మాత్రం ఆ వాదన నిలవదు. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం అంటే కోడికూర. కాదంటే వేటమాంసం, అదీ కాదంటే పాకల తీరం నుంచి వచ్చిన చేప. పదింటికి కారందోశ తిన్న పెద్దమనిషి పదకొండింటికి మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడతాడు. రెండు పూటలు కలిపి ఒకటి చేద్దామంటే ఇంటిల్లిపాదీ తిరగబడతారు. అసలు మధ్యాహ్నం పొయ్యి దగ్గర అంత పని ఉంది కాబట్టే పొద్దున ఇంట్లో పొయ్యి వెలిగించకుండా హోటలుకు వస్తున్నారు. బెరింజర్ ఒక పూట ఎగ్గొట్టమన్నాడు. మనవాళ్లు పూట ఎగ్గొట్టకుండా వంట మాత్రం ఎగ్గొట్టారు.

ఇంతకీ మిరప, పత్తి, పొగాకు పండే పల్లెకి ఆదివారం సెలవుతో ఏం పని? చేలో పైరుకి వారాలు తెలియవు. కోతకొచ్చిన మిరపకాయ ఆదివారమని ఆగదు. ఇక్కడివాళ్లు పూర్వం పని ఆపింది అమావాస్యకీ, జాతరకీ. ఆదివారం పని మానడమనేది ఈ నేల మీదికి ఎలా వచ్చిందో వెతికితే, ఎవరూ ఊహించని గడపల దగ్గర తేలుతుంది.

జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు చేరాడు. ఆయన దగ్గరికి మొదట వచ్చినవాళ్లలో ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలున్నారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు. మొదటి రెండూ వాళ్ల చేతిలో ఉన్నవే. మూడోది వాళ్ల చేతిలో లేదు. మాదిగవాడు ఏడు రోజులూ పిలిచినప్పుడల్లా వచ్చి పనిచెయ్యాలన్నది ఊరి కట్టడి. ఆదివారం రానంటే అది పెత్తందార్లకు ఎదురు చెప్పడమే. కరణాలు, మునసబులు, ఆసాములు ఊరుకోలేదు. దెబ్బలు, వేధింపులు, బావి దగ్గర తగువులు చాలా ఊళ్లలో జరిగాయి. జిల్లాలో బళ్లకూ కచేరీలకూ ఆదివారం సెలవు సర్కారు ఇచ్చింది. కూలివాడికి మాత్రం ఎవరూ ఇవ్వలేదు, వాడే పట్టుబట్టి తీసుకున్నాడు.

1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాడు. పాకల వైపు వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఆ కాలువను దాటుకునే పోతారు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లంతా ఊళ్లకు తిరిగి వెళ్లి ఆదివారం మాకు పని లేదన్నారంటే, ఆ మాట ఎన్ని వందల కళ్లాల్లో వినపడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆదివారం సంగతి అది. హోటలు కథ ఇంకా పాతది.

తీరిగ్గా ఊరు చూస్తూ, ఆకలైతే డబ్బిచ్చి బయట తినడం తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. పదిహేనో శతాబ్దపు 'క్రీడాభిరామము'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. అక్కడ లక్ష్మణవజ్ఝల ఇంట రూకకు దొరికే భోజనం వర్ణన ఉంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. రాసింది వినుకొండ వల్లభరాయడు. శ్రీనాథుడే రాశాడనే పండితులూ ఉన్నారు, ఆ తగువు వాళ్లకే వదిలేద్దాం. నాకు మాత్రం ఆ విస్తరి చూస్తే ఒక్కటే అనిపిస్తుంది: అందులో ఎండుమిరపకాయ లేదు, ఉండే వీలూ లేదు. మిరప పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది ఆ తరవాతే. వేరుశనగ కూడా దక్షిణ అమెరికాదే, ఇక్కడ విరివిగా పండింది ఇంకా ఆలస్యంగా. ఈ రోజు మన ఇడ్లీ పక్కన ఉండే వేరుశనగ చట్నీ, కారప్పొడి రెండూ వల్లభరాయడు ఎరగనివే. గుంటూరు కారం అని మీసం మెలేసేవాళ్లు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

కావ్యంలో ఎంత మర్యాదగా కనిపించినా, అన్నం అమ్ముకోవడం తప్పనే భావన సమాజంలో బలంగా ఉండేది. అన్నం పెట్టాలి గానీ అమ్మకూడదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇద్దరు తెలుగు ఆడవాళ్ల బతుకులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ భావన ఎంత పదునైనదో తెలుస్తుంది. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) వచ్చినవాళ్లందరికీ ఉచితంగా వడ్డించారు. ఆవిడ పేరు ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టారు. దండం పెట్టవలసిన మనిషే. అదే రోజుల్లో ఒంగోలులో ఇంకో బ్రాహ్మణ స్త్రీ కూడా రోజూ పదిమందికి వండి వడ్డించింది. ఆవిడ డబ్బు తీసుకుంది. అందుకని ఊరు ఆవిణ్ణి చిన్నచూపు చూసింది.

ఆవిడ పేరు టంగుటూరి సుబ్బమ్మ.

భర్త గోపాలకృష్ణయ్య గారు పోయేనాటికి పెద్ద కొడుకు ప్రకాశానికి పదకొండేళ్లు. ఆస్తులు లేవు, పిల్లలున్నారు. వైధవ్యంలో ఉన్న బ్రాహ్మణ స్త్రీకి ఆ రోజుల్లో గౌరవంగా మిగిలిన దారి పుట్టింట్లోనో మరిది ఇంట్లోనో మూలగదిలో ఉండి వాళ్ల వంట చెయ్యడం. జీతం లేకుండా చేస్తే అది ధర్మం. అదే వంట డబ్బుకి చేస్తే పూటకూళ్లమ్మ. సుబ్బమ్మ గారు రెండోది ఎంచుకున్నారు. ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టారు. కచేరీ పనుల మీద వచ్చేవాళ్లు, వ్యాజ్యాలాడేవాళ్లు, పరవూరి నుంచి వచ్చి చదువుకునేవాళ్లు తిన్న తిళ్లతో వచ్చిన డబ్బులే ఆ కుటుంబాన్ని నిలబెట్టాయి. ఆ పనికి అప్పట్లో ఏ మర్యాదా లేదని ప్రకాశం పంతులు గారు తన ఆత్మకథ 'నా జీవిత యాత్ర'లో దాచకుండా చెప్పుకున్నారు. పరీక్ష ఫీజు మూడు రూపాయలు పుట్టక, బంధువుల ఇంటికి నడిచివెళ్లి ఒట్టి చేతులతో తిరిగొస్తే, తల్లి తన పట్టుబట్ట తాకట్టు పెట్టి కట్టిన సంగతి కూడా అందరికీ తెలిసిందే.

ఆ కుర్రాణ్ణి మిషన్ స్కూలు మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు వెంట పెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్లారు. ఆ తరవాతది చరిత్ర పుస్తకాల్లో ఉంది. బారిస్టరు, 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకుల ముందు గుండె చూపినవాడు, 1946లో మద్రాసు ప్రధానమంత్రి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. అలా చూస్తే ఈ జిల్లా పేరులో ఒక భోజన హోటలు కష్టార్జితం కూడా ఉంది. కానీ తెలుగునాట హోటళ్ల చరిత్ర రాసేవాళ్లు ఉడిపి నుంచి మొదలుపెడతారు తప్ప ఒంగోలు నుంచి కాదు.

నవ్వుకోవడానికైతే పూటకూళ్లమ్మ అందరికీ గుర్తే. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో గిరీశాన్ని చీపురుతో వెతుక్కుంటూ వచ్చేది ఆవిడే. ఆవిడ ఇంట తిని, ఆవిడ డబ్బు కాజేసింది గిరీశం. ప్రేక్షకులు వందేళ్లుగా గిరీశం తెలివికి మురిసిపోతున్నారు. వంట చేసి సంపాదించిన సొమ్ము పోయింది ఎవరిదని ఎందరికి తడుతుందో తెలియదు.

1899లో బెజవాడ, మద్రాసు మధ్య రైలు నడిచింది. సింగరాయకొండ దశ మారింది అప్పుడే. అంతకు ముందు మద్రాసు పోవాలంటే కాలువ మీద పడవ, లేదా కలకత్తా రోడ్డు వెంట ఎడ్లబండి. ఇప్పుడు కందుకూరు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ సింగరాయకొండే స్టేషనయింది. ఉత్తరాన టంగుటూరు, దక్షిణాన ఉలవపాడు, మధ్యలో మనం. రైలొచ్చాక తిండి వేళలు కూడా మారాయి. ఆకలి వేళ పోయి బండి వేళ వచ్చింది. కూర్చుని విస్తరి పరిచి పప్పూ చారూ పోసుకునే తీరిక ప్రయాణికుడికి లేదు. పది నిమిషాల్లో తినగలిగేది, పొట్లం కట్టించుకోగలిగేది కావాలి. భోజనం వెనక్కి తగ్గి టిఫిన్ ముందుకు వచ్చింది. వెంట కాఫీ.

అక్కడే పొయ్యి ఆడవాళ్ల చేతిలోంచి జారింది. దక్షిణ కన్నడం నుంచి గుడి వంటల చేయి తిరిగిన ఉడిపి బ్రాహ్మలు మద్రాసు రాజధాని అంతటా వ్యాపించారు. కె. కృష్ణారావు 1938లో మద్రాసులో ఉడ్‌లాండ్స్ మొదలుపెట్టేనాటికే ఉడిపి హోటలు లేని పట్నం అరుదు. మనవాళ్లూ అందుకున్నారు. విజయవాడ గాంధీనగర్‌లో బాబాయి హోటలు 1940ల నాటిది. గుంటూరులో శంకర్ విలాస్ హోటలు పేరు ఏకంగా సెంటరుకీ, రైలు వంతెనకీ పాకింది. విలాస్, భవన్, నివాస్, కేఫ్. గల్లాపెట్టె దగ్గర విభూతి పెట్టుకున్న మగ యజమాని, పెనం దగ్గర మగ మాస్టరు, సప్లయరూ మగవాడే. గమ్మత్తేమిటంటే అమ్మినది అదే అన్నం, అదే పప్పు. బల్లలు, బోర్డు, మగవాడి సంతకం వచ్చేసరికి పాపం పోయి వ్యాపారమయింది.

ఆడవాళ్లు వెళ్లింది ఎక్కడికీ కాదు, వెనక్కి. చాలా హోటళ్లలో పప్పు నానబెట్టి, రాత్రి పొద్దుపోయేదాకా రుబ్బురోలు తిప్పింది వాళ్లే. మినప్పప్పు రుబ్బడం మాటలు కాదు. పొత్రం ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో పిండి లోపలికి తోస్తూ, నీళ్లు చిలకరిస్తూ, నురగలా పొంగేదాకా ఆపకూడదు. ఆపితే ఇడ్లీ రాయవుతుంది. 1950ల్లో కోయంబత్తూరులో కరెంటు గ్రైండరు పుట్టి, అది నెమ్మదిగా మన వైపు దిగాక గానీ ఆ భుజాలకు సుఖం లేదు. ఇక ఇడ్లీ రవ్వ మరలో పట్టించి అమ్మడం మొదలయ్యాక బియ్యం రుబ్బే సగం పని కూడా తప్పింది.

ఈ హోటళ్లలోకి ఎవరు వెళ్లగలిగేవారు? సుబ్బమ్మ గారి కాలపు పూటకూళ్ల ఇళ్లలో పై కులాలకే విస్తరి. రైలు స్టేషన్ల భోజనశాలల్లో సైతం బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. 'బ్రాహ్మణ కాఫీ హోటలు' అన్న బోర్డులు వీధికొకటి. ఆదివారం కోసం దెబ్బలు తిన్నవాళ్లు ఆ ఆదివారం ప్రార్థన ముగించుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చద్ది మూటలు చెట్టు కింద విప్పుకున్నారు. దుకాణాల్లోకి, హోటళ్లలోకి ఎవరినీ కులం పేరుతో ఆపకూడదని 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో రాసింది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. శిక్షలతో చట్టం 1955లో వచ్చింది. అంత పెద్ద పుస్తకంలో హోటలు మాట ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే ఆ గుమ్మం ఎంత గట్టిదో ఆలోచించండి. చట్టం వచ్చాక కూడా పల్లెటూరి టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఏళ్ల తరబడి సాగింది. చూరులో దోపి పెట్టిన గ్లాసు ఎవరిదో చెప్పకుండానే అందరికీ తెలిసేది. ఇప్పుడు ఆదివారం సింగరాయకొండలో ఒకే బల్ల దగ్గర బైబిలూ కుంకుమా సర్దుకుని కూర్చుంటున్నాయంటే అది దానంతట అది జరిగింది కాదు.

ఆడవాళ్ల రాక ఇంకా ఆలస్యం. పాత హోటళ్లలో 'ఫ్యామిలీ రూము' అని చెక్క అడ్డాలు, గుడ్డ తెరలు ఉండేవి. భార్యతో వచ్చినవాడు లోపలికి వెళ్లి తెర లాగేసేవాడు. సప్లయరు తెర బయట దగ్గి, తరవాత చెయ్యి లోపలికి పెట్టి ప్లేటు అందించేవాడు. అటు పొగ, ఇటు ఉక్క, ఫ్యాను గాలి ఆ గూట్లోకి రాదు. కుటుంబంతో టిఫినుకు వెళ్లడమంటే అదే. అత్తగారితో సహా నడి హాల్లో కూర్చుని, "అల్లం చట్నీ ఇంకాస్త వెయ్యి నాయనా" అని గట్టిగా అడగడం మా తరం కళ్లముందు మొదలైందే.

వచ్చినవాళ్ల ఆదివారం సరే, వడ్డించేవాళ్ల సంగతి? దానికీ చట్టం ఉంది. దుకాణాలు, రెస్టారెంట్లు, సినిమా హాళ్లలో పనిచేసేవాళ్లకు వారానికొక రోజు సెలవివ్వాలని బ్రిటిషువాళ్లు 1942లోనే వీక్లీ హాలిడేస్ యాక్టు చేశారు. ఆ ఒక రోజు ఆదివారమే కానక్కర్లేదు. అందుకే టిఫిన్ హోటలు మాస్టరుకి ఆదివారం ఎప్పుడూ సెలవు కాదు, వారంలో ఎక్కువ పిండి ఒలికే రోజు. టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మకాలు సాగే నెలల్లో మామూలు రోజులు కూడా తక్కువేమీ కాదు. బేళ్లు దించి ధర కోసం చూసే రైతుకి ముందు పూరీ, బొంబాయి చట్నీ కావాలి. ధర బాగుంటే రెండో ప్లేటు.

ఇక సుబ్బమ్మ గారి వారసులు రోడ్డు మీదే ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు 1992లో సారాకు ఎదురు తిరిగాక, ఆ చుట్టుపక్కల జిల్లాల్లో పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. వాటి అప్పుతో కొందరు గేదె కొన్నారు, కొందరు కుట్టు మిషను కొన్నారు, చాలామంది గ్రైండరు, నాలుగు చక్రాల బండి కొన్నారు. హైవే పక్కన చూడండి, స్టీలు డబ్బాలో ఇడ్లీ, బకెట్లో చట్నీ, పక్కన పొయ్యి మీద పునుగులు. సాయంత్రం పప్పు నానబెట్టడం, తెల్లారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించడం, పదిన్నరకి గిన్నెలు కడిగి బండి ఇంటికి తోసుకెళ్లడం. వీళ్లని ఊళ్లో ఎవరూ చిన్నచూపు చూడరు, పైగా అప్పు అడగడానికి వస్తారు. అలాంటి ఒక బండి దగ్గర మొన్న తిన్నదానికి ఫోన్‌లో డబ్బు కొడితే తెర మీద ఆవిడ పేరే వచ్చింది. వెనక అట్లు తిరగేస్తున్నాయన భర్త. జీతమెంత ఇస్తున్నావమ్మా అంటే, "రెండు పూటలా అన్నం పెడుతున్నాను కదండీ" అంది.